చిందు ఎల్లమ్మ, ఇటలీ మీనా, మన చప్పట్లు



బోధన్ పేరు చెప్పగానే ఎవరికైనా ముందు చక్కెరే గుర్తుకొస్తుంది. మంజీరా నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పెరిగింది, చెరకు వెనకే 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఈ కథ ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లాలో పిల్లలను అడిగినా చెప్తారు. కానీ అదే బోధన్ మండలంలో అమ్దాపూర్ అనే ఊరుందనీ, చిందు యక్షగానానికి జీవితమంతా ధారపోసిన చిందు ఎల్లమ్మ ఆ ఊరి మనిషేననీ చెప్పేవాళ్లు తక్కువ.

చిందువాళ్లు మాదిగ కులాన్ని ఆశ్రయించుకుని బతికిన కళాకారులు. ఏ మేళం ఏ ఊళ్లలో ఆడాలో తాతల కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంటుంది, దాన్ని మిరాసి అంటారు. మిరాసి ఊళ్లోకి మేళం దిగితే జాంబపురాణం చెప్పాలి, ఎల్లమ్మ వేషం కట్టాలి, గోసంగి వేషం కట్టాలి, భారత భాగవత కథలు తెల్లవార్లూ ఆడాలి. మద్దెల, తాళాలు, హార్మోనియం, కాళ్లకు గజ్జెలు. వీటన్నిటి మీదా వినిపించాల్సింది గొంతు. మైకు లేని రోజుల్లో ఆ గొంతు ఊరి చివరిదాకా వెళ్లేది. ఇంకో విశేషం కూడా చెప్పుకోవాలి. కూచిపూడి మేళాల్లో సత్యభామ వేషం మగవాళ్లే కట్టే రోజుల్లో, చిందు మేళాల్లో ఆడవాళ్లు మగవాళ్లతో సరిసమానంగా రంగం ఎక్కారు, మగ వేషాలు కూడా వేశారు. ఎల్లమ్మ చిన్నతనంలోనే ఆ రంగం ఎక్కి ముదిమి దాకా దిగలేదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెకు హంస పురస్కారం ఇచ్చింది. 2005లో ఆమె కన్నుమూశారు.

పురస్కారం ఒక రోజు ముచ్చట. మిగిలిన రోజుల సంగతే ఇక్కడ చెప్పుకోవాల్సింది. వేషం కట్టిన రాత్రి సాక్షాత్తూ ఎల్లమ్మ తల్లే వచ్చిందని చేతులు జోడించిన ఊరు, తెల్లారి వేషం విప్పాక అదే మనిషి చేతి నీళ్లు తాగేది కాదు. మేళానికి బస ఊరి బయటే. ఈ పద్ధతి తెలంగాణ పల్లెల్లో ఏ యుగం నాటిదో కాదు, ఇప్పటి పెద్దవాళ్లు కళ్లారా చూసినదే.

పాట నచ్చుతుంది. పాడిన మనిషి ఇంటి గడప దాకా వస్తే మాత్రం అడ్డు. ఈ తేడా ఒక్క ఇందూరు జిల్లాది కాదు. పాటకు పుట్టిల్లని ప్రపంచమంతా చెప్పుకునే ఇటలీలోనూ ఇది ఉంది. అక్కడి అభిమానులు తమ గాయకుల గురించి ఏమనుకున్నారు, ఎప్పుడు మనసు మార్చుకున్నారు అన్నది తెలుసుకుంటే మన ఊరి సంగతి మనకు ఇంకా బాగా అర్థమవుతుంది.

పోపు ఏలుబడిలో ఉన్న రోమ్ నగరంలో 18వ శతాబ్దం చివరి వరకూ ఆడవాళ్లు రంగస్థలం మీద పాడకూడదు. మరి నాయిక పాత్ర ఎవరు పాడాలి? అందుకోసం మగపిల్లలకు గొంతు మారకముందే శస్త్రచికిత్స చేయించి, ఏళ్ల తరబడి సంగీతం నేర్పించేవారు. వాళ్లను కాస్ట్రాటోలు అన్నారు. వాళ్లలో ఫారినెల్లి పేరు యూరప్ అంతా మోగింది. స్పెయిన్ రాజు అయిదో ఫిలిప్ 1737లో ఆయన్ను తన కొలువుకు పిలిపించుకున్నాడు. జనం వెర్రెత్తినట్టు విన్నారు, పూలు చల్లారు, నాణేలు కురిపించారు. అదే మనుషులకు పెళ్లి చేసుకునే హక్కు మాత్రం చర్చి ఇవ్వలేదు. గొంతు కోసం వాళ్ల శరీరాన్ని మార్చింది ఆ సమాజమే, మారిందన్న కారణంతో సంసారం కాదన్నదీ ఆ సమాజమే.

ఈ వరసలో చివరివాడుగా చెప్పుకునే అలెస్సాండ్రో మొరెస్కి గొంతు మనకు దక్కింది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ సోదరులు రోమ్ వెళ్లి ఆయన పాట రికార్డు చేశారు. ఆ సోదరుల్లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అదే ఏడాది నవంబరులో కలకత్తాకు వచ్చి మన దేశపు గాయని గౌహర్‌జాన్ పాటను రికార్డు చేశాడు. ఆమె పుట్టింది ఏంజెలీనా పేరుతో క్రైస్తవ కుటుంబంలో, పేరు సంపాదించింది గౌహర్‌జాన్‌గా, వృత్తికి తవాయిఫ్, అంటే పాడి ఆడే వృత్తి కళాకారిణి. పాట చివర తన పేరు తానే ఇంగ్లిషులో చెప్పుకున్న ఆ రికార్డులు దేశమంతా అమ్ముడుపోయాయి. రోమ్‌లో ఒకరు, కలకత్తాలో ఒకరు. ఇద్దరి గొంతులూ ఏడాది తిరక్కుండా రికార్డుల మీదికి ఎక్కాయి. ఇద్దరినీ జనం చెవులారా విన్నారు, ఇద్దరికీ సంఘంలో పెద్దమనుషుల పక్కన పీట దొరకలేదు.

ఇక గాయని మీనా కథ. ఇటలీలో ఆమెను క్రెమోనా పులి అని పిలుచుకుంటారు. 1940లో పుట్టింది, ఇరవై ఏళ్లు నిండేసరికే దేశమంతా ఆమె పాటలే. 1963లో ఆమె తల్లి అయింది. బిడ్డ తండ్రి కొర్రాదో పానీ అనే నటుడు. అతను భార్యతో విడిగా ఉన్నా, ఇటలీలో అప్పటికి విడాకుల చట్టమే లేదు కాబట్టి పెళ్లయినవాడి కిందే లెక్క. పెళ్లికాని తల్లి పాడటానికి వీల్లేదని ప్రభుత్వ ప్రసార సంస్థ రాయ్ తలుపులు మూసింది. కాథలిక్ దేశంలో, ఇంటింటా శిలువ వేలాడే రోజుల్లో, ఒక యువతికి అది మామూలు దెబ్బ కాదు.

అభిమానులేం చేశారు? ఊరేగింపులు తీయలేదు. దుకాణానికి వెళ్లి ఆమె రికార్డు కొనుక్కున్నారు. టీవీలో కనిపించకపోయినా అమ్మకాలు తగ్గలేదు. ఆమె ఎప్పుడు కనబడుతుందని అడుగుతూనే ఉన్నారు. ఏడాది తిరిగేసరికి, 1964 జనవరిలో, రాయ్ ఆమెను వెనక్కి పిలవక తప్పలేదు. ఇటలీ పార్లమెంటు విడాకుల చట్టం తెచ్చింది 1970లో. ఆ చట్టాన్ని రద్దు చెయ్యాలా అని 1974లో ప్రజాభిప్రాయం అడిగితే వద్దని జనం ఓటేశారు. చట్టం కన్నా ఏళ్ల ముందే పాట వినేవాళ్లు తమ ఇంటి తలుపు తీసి మీనాను లోపలికి రానిచ్చారు. ఈ ఒక్క ఉదాహరణ కోసమైనా ఇటలీ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. శ్రోతల చేతిలో ఎంత బలం ఉందో ఇది చూపిస్తుంది.

మరి మన రేడియో? నిజాయితీగా చెప్పుకోవాలి. 1946లో తాత్కాలిక ప్రభుత్వంలో సర్దార్ పటేల్ సమాచార ప్రసార శాఖ చూస్తున్న రోజుల్లో, వ్యక్తిగత జీవితం నలుగురి నోళ్లలో నానుతున్న కళాకారులను రేడియోకు పిలవకూడదనే విధానం వచ్చింది. దాని దెబ్బ ఎక్కువగా తగిలింది బాయీలకు, తవాయిఫ్‌లకు, దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చిన గాయనులకు. తరాల తరబడి సంగీతాన్ని కాపాడిన ఆ ఆడవాళ్లను, ఆ సంగీతం ఇంటింటికీ చేరే సమయం వచ్చేసరికి పక్కన నిలబెట్టారు. మీనా ఒక ఏడాదికి తిరిగొచ్చింది. వీళ్లలో చాలామంది తిరిగి రాలేదు, పేర్లు కూడా మిగల్లేదు.

అదే రేడియో శ్రోతల మాటకు తలవంచిన సందర్భమూ ఉంది. 1952లో మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలు ఆకాశవాణికి తగవన్నారు. శ్రోతలు రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది, సినిమా పాట తిరిగొచ్చింది. పాట కోసం శ్రోతలు ఇంత గట్టిగా నిలబడ్డారు. పాడిన ఆడవాళ్ల కోసం మాత్రం ఎవరూ ముల్లు తిప్పలేదు. ఆ తేడా ఇప్పటికీ మనసును బాధపెట్టాలి.

ఇందూరు జిల్లాలో ఈ గాయం ఇంకా లోతుకు పోయింది. జోగిని ఆచారం గట్టిగా వేళ్లూనిన జిల్లాల్లో ఇదొకటి. దళితుల ఆడపిల్లను దేవత పేరిట ఊరికి వదిలేసేవారు. జాతర వస్తే ఆమె ముందు నడవాలి, ఆడాలి, పాడాలి. ఊళ్లో శవం లేస్తే పాడె ముందూ ఆమే ఆడాలి. ఆ అమ్మాయి లేకపోతే పండుగ జరగదు, ఆ అమ్మాయికి మాత్రం పెళ్లీ లేదు, ఇల్లూ లేదు, పుట్టిన బిడ్డకు తండ్రి పేరూ లేదు. 1980ల్లో వర్ని ప్రాంతానికి హేమలతా లవణం వచ్చారు. మహాకవి గుర్రం జాషువా కూతురు ఆవిడ. భర్త లవణంతో కలిసి, సంస్కార్ సంస్థ ద్వారా ఇక్కడ పనిచేసి, జోగినుల కోసం చెల్లి నిలయం నడిపారు. జోగిని అని పిలవడం మాని చెల్లీ అని పిలవమన్నారు. 1988లో రాష్ట్రం ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కోస్తా జిల్లాలో పుట్టిన ఒక దళిత కవి కూతురు మంజీరా ఒడ్డుకు వచ్చి ఈ పని చేసిందన్న సంగతిని ఇందూరు గర్వంగా గుర్తుంచుకోవాలి.

ఇప్పటి రోజులకు వద్దాం. ఈ ప్రాంతం పాటలకు, సినిమాలకు కొత్తగా పేరొచ్చింది. శేఖర్ కమ్ముల 2017లో తీసిన ఫిదా కథ బాన్సువాడలో నడుస్తుంది. ఆ సినిమాలో మధుప్రియ పాడిన పాటకు పెళ్లి బరాతుల్లో ఆడని ఊరు లేదు. అదే దర్శకుడు 2021లో లవ్ స్టోరీ తీశాడు. అందులో హీరో ఆర్మూరు పిల్లాడు, క్రైస్తవుడైన దళితుడు. అమ్మాయి పెద్దకులం. ఆ కులాల గోడ గురించి తీసిన ఆ సినిమా, జనం నోళ్లలో పడింది ముందు ఒక జానపదంతో. అదే సారంగదరియా. సుద్దాల అశోక్‌తేజ రాశారు, మంగ్లీ పాడింది. ఆ పాటను అమ్మమ్మ దగ్గర నేర్చుకుని అంతకుముందే టీవీలో పాడిన కోమలి అనే గాయని, నా సంగతేమిటని అడిగింది. శ్రోతలు రెండు పక్షాలయ్యారు. దర్శకుడు ఆమెకు గుర్తింపు ఇస్తానని బహిరంగంగా మాటిచ్చాడు. ఆ గొడవ మంచి గొడవే. జానపదం గాల్లోంచి ఊడిపడదనీ, దాని వెనక ఒక అవ్వ, ఒక మనవరాలు ఉంటారనీ జనం మొదటిసారి అంత గట్టిగా మాట్లాడుకున్నారు.

అదే ఏడాది జూలైలో ఇంకో గొడవ వచ్చింది. అది మంచిది కాదు.

మంగ్లీ అసలు పేరు సత్యవతి. అనంతపురం జిల్లా గుత్తి దగ్గరి తండాలో పుట్టిన లంబాడా బిడ్డ. తిరుపతిలో సంగీతం చదువుకుంది. హైదరాబాదు వచ్చి టీవీలో తెలంగాణ యాసలో మాట్లాడి, బతుకమ్మ పాటలు, బోనాల పాటలు పాడి ఇంటింటి మనిషయింది. 2021 బోనాలకు ఆమె ఒక మైసమ్మ పాట పాడింది. జానపద కవి పాలమూరు రామస్వామి రాసిన పాట. అందులోని ఒక మాట అమ్మవారిని తక్కువ చేసేలా ఉందని కొందరికి కోపం వచ్చింది. పాటలో మాట బాగా లేదనడం శ్రోత హక్కు. కానీ ఆ కోపం పాట దగ్గర ఆగలేదు. ఆమె తండా మీదికి, కులం మీదికి, పుట్టిన జిల్లా మీదికి పోయింది. జానపదంలో ఆ మాటకు తప్పుడు అర్థం లేదని ఆమె వివరణ ఇచ్చింది, తన పుట్టుక మీద పడిన మాటలకు బాధపడింది, చివరికి పాటలో మాట మార్చింది.

ఫిబ్రవరిలో సారంగదరియా విని మా మంగ్లీ అన్న నోళ్లే జూలైలో ఎక్కడిదో లంబాడామె అన్నాయి. అయిదు నెలల్లో ఆమె గొంతు మారలేదు, పుట్టిన ఊరూ మారలేదు. లంబాడాలు లేని ఇందూరు జిల్లాను ఊహించగలమా? ఇందల్వాయి, సిరికొండ, ధర్పల్లి వైపు వెళ్తే తండా తర్వాత తండా తగులుతుంది. శ్రావణంలో తీజ్ బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలు పాడే పాటలు రోడ్డు మీదికి వినిపిస్తాయి. మంగ్లీని తిట్టిన తిట్టు ఆ పిల్లలందరికీ తగిలింది. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఫోన్‌లో ఆ కామెంటు చదివి నవ్వితే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ఇటలీలో 2019 ఫిబ్రవరిలో జరిగింది దాదాపు ఇదే. సాన్‌రెమో అనే సముద్రతీరపు ఊళ్లో ఏటా పాటల పోటీ జరుగుతుంది. 1951లో మొదలైనప్పుడు అది రేడియో కార్యక్రమమే. తర్వాత టీవీలోకి వచ్చి, దేశం దేశమంతా పనులు మానుకుని చూసే పండుగ అయింది. ఆ ఏడాది గెలిచినవాడు మహమూద్. మిలాన్ శివారు బస్తీలో పుట్టి పెరిగాడు, తల్లి సార్డీనియా ద్వీపపు మనిషి, తండ్రి ఈజిప్టువాడు. డబ్బు కోసం తప్ప ఇంటివాళ్ల గురించి అడగని తండ్రి మీద కొడుకు బాధే ఆ పాట. నడుమ ఒక అరబ్బీ ముక్క ఉంది. ఫోన్‌లో ఓట్లేసిన జనంలో ఎక్కువమందికి అల్టిమో అనే ఇంకో కుర్రాడు నచ్చాడు. పత్రికలవాళ్లు, ప్రముఖుల జ్యూరీ మహమూద్‌కు మార్కులేశారు. అంతా కలిపితే మహమూద్ మొదటివాడయ్యాడు.

జ్యూరీ బరువు ఎంత, జనం ఓటు బరువు ఎంత అన్నది న్యాయమైన ప్రశ్నే. పాటల పోటీలు చూసే మనవాళ్లకూ ఆ ప్రశ్న కొత్త కాదు. కానీ అప్పటి ఉప ప్రధానుల్లో ఒకరు, వలసల మీద కఠినంగా ఉండే హోంమంత్రి మత్తెయో సాల్వీని, తనకు అల్టిమోనే నచ్చాడని వెంటనే ట్వీట్ చేశాడు. ఇంకో ఉప ప్రధాని దీ మాయో ఉన్నతవర్గాలకూ సామాన్యులకూ దూరం ఎంతుందో చూడండన్నాడు. దాంతో పాట పక్కకు పోయి మహమూద్ అనే పేరు చర్చలోకొచ్చింది. ఆ కుర్రాడు తాను మిలాన్‌లో పుట్టిన ఇటలీవాణ్ణేనని పదే పదే చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత యూరోవిజన్ పోటీలో ఇటలీ జెండా కింద అతనే పాడి రెండో స్థానం తెచ్చాడు. 2022లో బ్లాంకో అనే గాయకుడితో కలిసి సాన్‌రెమో మళ్లీ గెలిచాడు. అప్పటికి అతని పేరు మీద రభస చేసినవాళ్లు పెద్దగా లేరు.

ఇంకో ముచ్చట ఉంది. ఇటలీ పాటల్లో ప్రపంచానికి అన్నిటికన్నా ఎక్కువ తెలిసిన వొలారె పాడిన దొమెనికో మొదూన్యో దక్షిణాదివాడు. పూలియా ప్రాంతం. 1958లో ఆ పాటతో సాన్‌రెమో గెలిచాడు, 1959లో మొదటి గ్రామీ అవార్డుల్లో ఏడాది రికార్డు బహుమతి దానికే వచ్చింది. అప్పట్లోనే దక్షిణాది పల్లెల నుంచి లక్షల మంది పని కోసం ఉత్తరాన టూరిన్, మిలాన్ ఫ్యాక్టరీలకు వలస పోయారు. దక్షిణాదివాళ్లకు ఇల్లు అద్దెకివ్వబడదని టూరిన్‌లో బోర్డులు కట్టిన రోజులవి. లోపల రేడియోలో మొదూన్యో పాట, బయట గేటుకు ఆ బోర్డు. కులం అడిగి ఇల్లు అద్దెకిచ్చే మన పట్టణాల్లోనూ లోపల మోగే పాట ఎవరిదో ఒకసారి ఆలోచిస్తే సరిపోతుంది.

ఇటలీ గాయకుడు టిజియానో ఫెర్రో సంగతి క్లుప్తంగా. తాను స్వలింగ సంపర్కుణ్ణని 2010లో పత్రికకు చెప్పాడు. అప్పటికి ఇటలీలో అలాంటి జంటలకు చట్టంలో చోటు లేదు, అది వచ్చింది 2016లో. అభిమానులు అతన్ని వదిలి వెళ్తారని చాలామంది అనుకున్నారు. 2015లో అతను స్టేడియాల్లో పాడుతూ దేశం తిరిగాడు, స్టేడియాలు నిండాయి.

ప్రాంతం ప్రసక్తి వచ్చింది కాబట్టి మన ఇంటి విషయం కూడా దాచుకోకూడదు. అందెశ్రీ రాసిన గీతాన్ని 2024 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర గీతంగా ప్రకటించారు. బడి మొహం సరిగా చూడని పశువుల కాపరి పాట ఒక రాష్ట్రానికి గీతం కావడం ఎంత గొప్ప సంగతి! స్వరపరిచే పని ఎం.ఎం. కీరవాణికి అప్పగించారు. తెలంగాణ గీతానికి ఆంధ్ర సంగీత దర్శకుడేమిటని ఇక్కడి సినీ సంగీతకారుల సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. దశాబ్దాలుగా అవకాశం దొరకని తెలంగాణ సంగీతకారులు మా వంతు ఎప్పుడని అడగటం న్యాయం, గట్టిగా అడగాలి కూడా. కానీ పుట్టిన జిల్లా చూసి ఒక మనిషి ఈ పాటను ముట్టుకోకూడదనడం వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేయకూడదు. బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ తిరిగినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నిజాంసాగర్ కాలువ కింద గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకుని చెరకు, వరి పండించినవాళ్ల మనవలు ఇవాళ ఇక్కడి బడుల్లో పొద్దున నిలబడి ఆ గీతమే పాడుతున్నారు.

ఈ నేలకు కలిసి వినడం కొత్త కాదు. వర్ని ప్రాంతంలోని బడాపహాడ్ దర్గాకు మొక్కులు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లలో హిందువులెంతమందో, ముస్లింలెంతమందో చెప్పడం కష్టం. ఉర్సులో కవ్వాలీ మొదలైతే అర్థం తెలిసినవాళ్లూ, తెలియనివాళ్లూ ఒకే జంపఖానా మీద కూర్చుంటారు. పీర్ల పండుగలో అలావా చుట్టూ పాడే తెలుగు పాటలు మాల మాదిగ వాడల్లో, ముదిరాజుల ఇళ్లల్లో తరాలుగా ఉన్నాయి. మహమ్మద్ రఫీ 1970ల్లో తెలుగులో ఎన్టీఆర్‌కు పాడినప్పుడు ఉచ్చారణలో చిన్న తేడా వచ్చినా ఎన్టీఆర్ అభిమానులు ఆ పాటలను గుండెకు హత్తుకున్నారు. ఇప్పటికీ నిజామాబాద్ హోటళ్లలో ఆ పాట వస్తే మాట ఆపి వింటారు.

పేరొస్తే అన్నీ తీరిపోతాయని కొందరంటారు. దర్శనం మొగులయ్యను చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన డక్కలి కులస్థుడు. చిందువాళ్లలాగే మాదిగలను ఆశ్రయించుకున్న కులం. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతు రాష్ట్రమంతా విన్నది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణం దగ్గర కూలిపని చేస్తూ పత్రికలకు కనిపించారు. అదే 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. చిందుకు ఆ గౌరవం రావడం ఎంతో సంతోషం. మరి ఆ పతకం అందిన రాత్రి తర్వాత పది ఊళ్లవాళ్లయినా మేళాన్ని పిలిచి ఆడించుకున్నారా? పతకం ఢిల్లీ ఇస్తుంది, బత్తెం ఊరే ఇవ్వాలి.

అభిమానుల మాటకు విలువ లేదని ఎవరూ అనుకోవద్దు. మీనాను వెనక్కి తెచ్చింది రికార్డు కొన్న మామూలు మనిషి. వివిధ భారతిని తెచ్చింది ముల్లు తిప్పిన మామూలు మనిషి. కోమలి పేరు బయటికి తెచ్చింది అడగటం మానని మామూలు శ్రోత. నచ్చని పాటను నచ్చలేదనండి, ఎందుకు నచ్చలేదో చెప్పండి, రాగం బాగాలేదనండి, మాట తప్పనండి. గాయకుడు ఆ విమర్శకు జవాబు చెప్పుకుంటాడు. కులం పేరు, తండా పేరు, మతం పేరు, ఆడమనిషి సంసారం పేరు ఎత్తినప్పుడు మాత్రం పక్కన కూర్చున్నవాళ్లు ఊరుకోకూడదు. దళిత, గిరిజన కళాకారులను కులం పేరుతో నలుగురిలో అవమానించడం 1989 చట్టం ప్రకారం నేరమన్నది కూడా మన వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ తెలియాలి.

వచ్చే జాతరలకు, ఉర్సులకు, బోనాలకు పెద్దలు ఇప్పటినుంచే చందాలు లెక్కేసుకుంటుంటారు. డీజేకు పెట్టే డబ్బులో కొంత ఒక చిందు మేళానికి, ఒక కవ్వాలీ బృందానికి, తండాలో తీజ్ పాటలు పాడే ఆడవాళ్లకు తీసిపెట్టండి. పాడేవాళ్ల పేర్లు కరపత్రం మీద అచ్చు వేయించండి. ఒప్పుకున్న డబ్బు ఆట అయిన రాత్రే చేతిలో పెట్టండి. భోజనం ఊరందరి వరుసలోనే వడ్డించండి.